తోడు ఊపిరి

...అయినా నిద్రపోవడమంటే తనను తాను ఎవరికో అప్పగించి వెళ్ళిపోవడమే కదా, ఆ ఎవరో ఎవరన్నది మాత్రం మనం ఒక్కనాడూ అడగం, అనుకున్నాడు పైడిరాజు పాలగిన్నె ముందు నిలబడి. పాలు అంచుదాకా వచ్చాయి. పొయ్యి తగ్గించాడు. తలుపుకి తాళం వేసి రెండుసార్లు లాగి చూసుకునే మనిషి కూడా రాత్రయ్యేసరికి ఒళ్ళంతా తెరిచి పడేసి పోతాడు. పొద్దున్న లేచి, అన్నీ ఉన్న చోటనే ఉన్నాయి కదా అనుకుంటాడు. ఎవరో కాపలా కాస్తేనే ఉన్నాయి. ఆ మాట ఈ ఇంట్లో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేనే కావాలి, ఎందుకంటే నాకు వినపడుతోంది.

వినపడుతున్నది పక్కగదిలో కుసుమ ఊపిరి.

తెల్లవారుతోంది. కిటికీ అవతల విశాఖపట్నం ఇంకా ముసురులోనే ఉంది. పక్కగదిలో అతని భార్య కుసుమ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె పక్కన అయిదేళ్ళ కిన్నెర నిద్రపోతోంది. కుసుమ పక్కటెముకల చుట్టూ గుడ్డపట్టీ ఒకటి, పిల్ల గడ్డం కింద తమలపాకు ముక్కంత బిళ్ళ ఒకటి. రెంటికీ మధ్య తీగ కూడా లేదు. తల్లి లోపలికి పీల్చుకున్నప్పుడల్లా ఆ బిళ్ళ పిల్ల నాలుక మొదట్లో ఉన్న నరాన్ని కదలీ కదలనట్టు తాకుతుంది. నాలుక జారిపోకుండా నిలబడుతుంది. గొంతు తెరుచుకునే ఉంటుంది. పిల్ల పీలుస్తుంది.

అంతే. చెప్పడానికి ఇంతే. కానీ గుమ్మంలో నిలబడి చూసిన ప్రతిసారీ పైడిరాజుకి ఒళ్ళు జలదరిస్తుంది. డిగ్రీ కాలేజీలో ఇన్నేళ్ళుగా మనస్తత్వశాస్త్రం చెప్తున్నాడు. తల్లీబిడ్డల అనుబంధం గురించి ఒక పాఠమే ఉంది. ఆ పాఠం ఇలా ఉంటుందని, ఒకావిడ రేగిన జుట్టుతో, నలిగిన నైటీలో, కళ్ళు మూతలు పడకుండా గోడమీద కేలండరుని చూస్తూ, ఏ గొప్ప ఆలోచనా లేకుండా ఊరికే ఊపిరి పీలుస్తూ కూర్చుంటుందని అందులో ఎక్కడా లేదు.

కాఫీ తీసుకుని వెళ్ళాడు. కుసుమ పట్టీ విప్పింది. కిన్నెర అప్పటికే కళ్ళు తెరిచి కాళ్ళు గోడకి ఎత్తి పాట పాడుకుంటోంది.

"ఈవేళ ఏం కల?" అన్నాడు అలవాటుగా.

"కలేటండీ. లేదు."

పెళ్ళైన కొత్త నుంచీ ఆ ఇంట్లో కాఫీతోపాటు కుసుమ కల ఉండేది. వాళ్ళ మేనత్త పంపరపనస తొక్కలో కూర్చుని భీమిలి దాకా తెడ్డేసుకుంటూ వెళ్ళిన కల. కాలేజీ ప్రిన్సిపాల్ వచ్చి తన జాకెట్టుకి గుండీలు కుట్టమని ఏడ్చిన కల. ఆమె చెప్తూ చెప్తూ తనే నవ్వేది, కాఫీ చల్లారిపోయేది. పైడిరాజు ప్రతి కలకీ ఏదో ఒక అర్థం చెప్పేవాడు. "మీకు అర్థాలు కావాలి, నాకు పంపరపనస కావాలి" అనేది ఆమె. అతనికి మాత్రం కలలు రావు. వచ్చి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు. స్థిమితమైన మనసుకి కలలు తక్కువని తనకి తాను చెప్పుకున్నాడు.

కప్పు అందుకున్న కుసుమ తాగలేదు. చేతిలో పట్టుకుని చూస్తూ ఉండిపోయింది, అది దేనికో గుర్తు రానట్టు.

*

కిన్నెరకి ఏమయిందో తెలియని రోజుల్లో ఆ పిల్ల పేరు అల్లరిపిల్ల. బడిలో బెంచీల మీద నడిచేది. పక్కవాళ్ళ పెన్సిళ్ళు కొరికేది. చెప్పిన మాట మధ్యలోనే లేచి పరుగు. టీచరు పిలిచి, "సార్, మీరే సైకాలజీ కదా, మీరే చెప్పండి" అంది. అతను చెప్పాడు కూడా. ఇది తనవైపు చూడమని అడగడం అన్నాడు. పక్క తడపడం ఆ అడగడంలోనే రెండో మెట్టు అన్నాడు. టీచరు శ్రద్ధగా తలూపింది. పిల్ల నోరు తెరుచుకుని పడుకుంటుందని, మెడ వెనక్కి విరిచి, చెమటకి తలగడ తడిసిపోయేలా పడుకుంటుందని కుసుమ రెండు మూడుసార్లు అంది. ఆ మాటల్లో అతనికి ఏ అర్థమూ దొరకలేదు. దొరకని మాటల్ని అతను వినేవాడు కాదు.

డాక్టర్ ఎస్తేరురాణి దగ్గరికి తీసుకెళ్ళింది కుసుమే. నిద్ర జబ్బులు చూసే డాక్టరు ఆమె. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటుంది. వాళ్ళిద్దర్నీ అద్దం వెనక నిలబెట్టి, అవతల గదిలో కునుకు తీస్తున్న కిన్నెరని చూపించింది.

"పొట్ట చూడండి మాస్టారూ. ఛాతీ చూడండి. ఒకటి పైకి, ఒకటి కిందకి. లాగుతోంది పిల్ల. గాలి రావట్లేదు."

నిజమే. చిన్న పక్కటెముకలు లోపలికి గుంటలు పడుతున్నాయి. శబ్దం లేదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపు సాగిందో అతనికి తెలియదు, తను కూడా ఊపిరి బిగబట్టాడని తర్వాత తెలిసింది. ఉన్నట్టుండి పిల్ల ఒళ్ళు ఎగిరిపడింది. ఒక గురక. ఒక దొర్లు. మళ్ళీ నిద్ర.

"చచ్చి బతికింది" అంది కుసుమ.

"బతికించుకుందమ్మా. లోపలున్నది లేపింది. గొంతు సడలిపోతే దారి మూసుకుపోద్ది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతే మెదడు ఒక్క తన్ను తంతుంది, లెగమని. లెగిస్తే కండరం బిగుస్తుంది, దారి తెరుచుకుంటుంది. మళ్ళీ పడుకుంటే మళ్ళీ అదే. రాత్రంతా ఇదే పని. తెల్లారితే దానికి ఏదీ గుర్తుండదు. మీరేమో బెంచీలెక్కుతోందంటారు. నిద్ర చాలక ఎక్కుతోంది."

టాన్సిల్స్ తీసేశారు. సగం తగ్గింది. మిగతా సగం దవడ చిన్నదిగా ఉండటం వల్ల, అది పెరగాలి, పెరిగేదాకా ఆగాలి అంది డాక్టరు. గాలి ఊదే మాస్కు ఇచ్చింది. కిన్నెర దాన్ని పీకి మంచం కింద పడేసింది. ప్రతిరోజూ పీకింది. అప్పుడు, ఏదో బజారు విషయం చెప్పినట్టు, ఎస్తేరురాణి తన కొత్త సంగతి చెప్పింది.

"గడ్డం కింద బిళ్ళ పెట్టి నరాన్ని కదపడం పాత విద్యే. యంత్రంతో కదిపితే వారం పనిచేస్తుంది, తర్వాత గొంతు పట్టించుకోదు. నేను వాల్తేరు రైల్వే క్వార్టర్సులో పెరిగాను. బండొస్తే చుట్టాలు ఉలిక్కిపడేవారు. మాకు వినపడేదే కాదు. అలాగన్నమాట. అదే కొట్టుడు, అదే వేళకి. ఎంత పసి గొంతైనా అలవాటు పడిపోద్ది."

"ఊపిరిని రికార్డు చేసి పంపిస్తే?" అన్నాడు పైడిరాజు.

"రెండోనాటికే గొంతు గుర్తుపట్టేసింది. నేనే ఆశ్చర్యపోయా. బతికున్న మనిషి, మెలకువగా, అప్పటికప్పుడు పీల్చే ఊపిరికి మాత్రం ఏ గొంతూ అలవాటు పడదు. ఒకటి ఉన్నట్టు ఇంకోటి ఉండదుగా. పాలల్లో వేసే తోడు లాంటిది మాస్టారూ, బతికుంటేనే పనిచేస్తుంది."

ఆ మధ్యాహ్నమే కుసుమకి పట్టీ కట్టింది. అద్దం వెనకనుంచి పైడిరాజు చూశాడు. మొదట పిల్ల ఊపిరి ఎప్పటిలాగే తడబడింది. కొద్దిసేపటికి, ఎత్తు మెట్ల దగ్గర పిల్లలు పెద్దవాళ్ళ వేలు పట్టుకున్నట్టు, ఆ ఊపిరి తల్లి ఊపిరిని పట్టుకుంది. పక్కటెముకల గుంటలు పూడిపోయాయి. నోరు దానంతటదే మూసుకుంది. కూతురి ముఖం నోరు మూసుకుని నిద్రలో ఎలా ఉంటుందో అతను అప్పుడే మొదటిసారి చూశాడు. ఎస్తేరురాణి నమలడం ఆపేసింది. ఎన్నిసార్లు చూసి ఉంటుంది ఆవిడ! అయినా ఆపేసింది. అందుకే ఆవిడంటే అతనికి గౌరవం.

*

పిల్లలకి గొంతు ఎక్కువగా మూసుకుపోయేది కలల నిద్రలో. ఆ నిద్ర చిక్కబడేది తెల్లవారుజామున. కాబట్టి తోడు కూర్చోవలసింది ఆ వేళలోనే. కుసుమ ఉగాది వెళ్ళిన మర్నాటినుంచి కిన్నెర గదిలోకి మారింది. పాలవాడు రాకముందే లేచి కూర్చుంటోంది. కిన్నెర మారిపోయింది. పక్క తడవడం లేదు. బడిలో బొమ్మలకి గీత దాటకుండా రంగులు వేస్తోంది. టీచరు మళ్ళీ పిలిచి, "ఏం కౌన్సెలింగ్ ఇచ్చారు సార్?" అంది.

కానీ ఆ వేళలోనే పెద్దవాళ్ళకీ కలలు వచ్చేది. ఆ లెక్క ముందు ఎవరికీ తట్టలేదు. కుసుమ పగలు కునుకు తీసినా అది పైపైనే తేలింది, కలలదాకా దిగలేదు. మొదట కలలు పోయాయి. తర్వాత చిన్నచిన్నవి పోసాగాయి. కుసుమ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. చేయి తిరిగిన పని. ఒకరోజు ఒక జాకెట్టుకి రెండూ ఎడమచేతులే కుట్టింది. దాన్ని ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది కానీ తప్పెక్కడుందో కనపడలేదు. ఇంకోరోజు వాళ్ళ చెల్లెలు ఫోనులో ఏడిస్తే, "అలాగా" అంది. పెట్టేశాక పైడిరాజుతో, "నాకు ఏడుపు రాలేదండీ. రావాలి కదా?" అంది, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

ఆ ప్రశ్న అతన్ని వదల్లేదు. కలల్లో మనసు తన తడి బట్టలు పిండి ఆరేసుకుంటుందని అతనే క్లాసులో చెప్తాడు. ఆరేసుకునే తావు లేని మనిషి తన ఇంట్లోనే తిరుగుతోంది, తన కూతురి కోసం.

ఎస్తేరురాణి ఆమె కనురెప్పలు ఎత్తి చూసి, "ఇంక ఆపాలి నువ్వు. ఇంకో తోడు కావాలి. సగం రోజులైనా" అంది.

"నేనున్నానుగా" అన్నాడు పైడిరాజు.

కుసుమ అతనివైపు చూసింది. ఏదో అనబోయి మానేసింది.

*

పరీక్ష మధ్యాహ్నం పెట్టారు. కిన్నెరని ఆ రోజు పెందలాడే లేపి, సముద్రం ఒడ్డున పరుగెత్తించి, పెరుగన్నం పెట్టి పడుకోబెట్టారు. మంచం పక్కన కుర్చీలో పైడిరాజు. అతని ఛాతీకి పట్టీ. ఎదురుగా తెరమీద రెండు గీతలు, నీలిది తనది, పసుపుది పిల్లది. కిటికీలోంచి దూరంగా రేవులోకి రావడానికి వంతు కోసం ఆగిన ఓడలు.

అతను సిద్ధపడే వచ్చాడు. ఏళ్ళుగా మేడమీద ప్రాణాయామం చేస్తాడు. కూతురికి ఇచ్చేది మామూలు ఊపిరి కాకూడదనుకున్నాడు. నడుము నిలబెట్టి, నిండుగా పూరించాడు. పట్టి ఉంచాడు. నీలిగీత గోపురంలా లేచి శిఖరం దగ్గర నిలిచింది. ఎంత అందంగా ఉంది అనుకున్నాడు.

"మాస్టారూ! ఏం చేస్తున్నారు?"

"కుంభకం."

"ఎవరు చెయ్యమన్నారు?"

"దీర్ఘంగా పీల్చి నిలిపితే ప్రాణశక్తి..."

"పిల్ల కూడా నిలిపేసిందండీ బాబూ! అటు చూడండి. వదలండి ముందు!"

పసుపుగీత నీలిగీత పక్కనే, అంతే బుద్ధిగా ఆగి ఉంది. అతను గబుక్కున వదిలేశాడు. పిల్ల కూడా వదిలింది.

"మీ బడాయి ఊపిరి మాకొద్దు. రైతుబజారులో వంకాయలు ఏరుతూ ఎలా పీలుస్తారో అలా పీల్చండి చాలు."

"ఆయన వంకాయలు ఏరినా అలాగే పీలుస్తారు డాక్టరుగారూ, ఉపన్యాసం ఇస్తున్నట్టు" అంది వెనకనుంచి కుసుమ. అని నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! అతను సిగ్గుపడ్డాడు, సంతోషించాడు. మామూలుగా పీల్చడం మొదలుపెట్టాడు.

మామూలుగా పీల్చడమే కష్టం. గమనిస్తే చెడిపోతుంది. అందుకని ఓడలవైపు చూశాడు. రెండు గీతలూ పక్కపక్కనే నడుస్తున్నాయి. తను పీలిస్తే ఆమె పీలుస్తోంది. తన బతుకులో ఇంత సూటిగా ఎవరికైనా పనికొచ్చానా, ఎన్ని మాటలు చెప్పి ఉంటాను, ఒక్క మాటయినా ఇలా ఇంకొకరి ఒంట్లోకి వెళ్ళి పక్కటెముకలు ఎత్తిందా, ఓడలు ఎంత ఓపిగ్గా ఆగుతాయి, పిలుపు వచ్చేదాకా కదలవు, ఆ నల్ల ఓడ మీద పంపరపనసలు కాబోలు, పైనుంచి ఎవరో తొక్కలు విసురుతున్నారు, ప్రిన్సిపాల్ తెడ్డు వేస్తున్నాడు, నీళ్ళు నిశ్చలంగా, ఎంత నిశ్చలంగా...

గంట మోగింది. పిల్ల ఏడుపు.

కిన్నెర మంచం మీద లేచి నిలబడి ఉంది. ముఖం ఎర్రగా కందిపోయింది. కుసుమ అప్పటికే ఎత్తుకుంది. ఎస్తేరురాణి గంట ఆపి, కుర్చీ లాక్కుని పైడిరాజు పక్కన కూర్చుంది. ఆమె వేళాకోళం ఆడకపోవడం అతన్ని భయపెట్టింది.

"నిద్రపోయారు."

"లేదు. కళ్ళు మూసుకున్నానంతే. ఓడల్నే చూస్తున్నాను."

ఆమె తెరమీది గీతల్ని వెనక్కి జరిపి చూపించింది. నీలిగీత చిన్నదై, చిన్నదై, బల్లపరుపుగా మారింది. కొద్ది దూరంలోనే పసుపుగీత కూడా.

"ఆగింది ముందు మీది. తర్వాత పాపది. అప్పుడు దాని గొంతుకి అడ్డమేమీ లేదు మాస్టారూ. దారి తెరిచే ఉంది. మీరు పీలుస్తారని చూస్తోంది."

అతను ఛాతీమీది పట్టీ విప్పాడు.

"గంట మోగకపోయినా దాని మెదడే లేపేది, భయం లేదు. కానీ మీ సంగతి చెప్పండి. పొద్దున్న తలనొప్పి ఉంటుందా? క్లాసులో కునుకొస్తుందా? బీపీ మాత్ర వేసుకుంటున్నారా?"

"వేసుకుంటాను. అందరూ వేసుకుంటారు. కాలేజీలో పని ఎక్కువ. అలసట..."

"దానికి అల్లరి అన్నారు, దీనికి అలసట అంటున్నారు. జబ్బొకటే. నిద్ర చాలకపోతే పిల్లలు గెంతుతారు, పెద్దలు కూలబడతారు. అందుకే ఒకే ఇంట్లో ఉన్నా రెండూ ఒకటని ఎవరికీ తోచదు." బల్లకింద నుంచి సంచీ తీసి అతని ఒళ్ళో పెట్టింది. అందులో గొట్టం, మాస్కు, చిన్న గాలి యంత్రం. "పెద్దాళ్ళకి ఇది చాలు. మూసుకుపోకుండా గాలి ఊది నిలబెడుతుంది. రోజూ పెట్టుకుని ఒక నెల పడుకోండి. పగలు కునుకు పోతుంది. అప్పుడు మళ్ళీ పరీక్ష పెడతా. ప్యాసైతే పాప మీది, నిద్ర కుసుమది."

*

ఇంటికి వచ్చాక కుసుమ బియ్యం కడుగుతూ అంది, అటు తిరిగే.

"నాకు తెలుసండీ."

"ఏం తెలుసు?"

"మీరు ఆగిపోతారని. పెళ్ళైన కొత్తల్లోనే తెలుసు. నేను మీ పక్కన ఉన్నన్నాళ్ళూ బాగానే ఉండీవారు. పాప గదిలోకి వెళ్ళాకే మీకు పగటి కునుకులు ఎక్కువయ్యాయి."

"నువ్వు పక్కనుంటే ఏమయింది? నువ్వు పక్కనుంటే నిద్రలో మోచేత్తో పొడిచేదానివి. తెల్లారితే ఇక్కడ నెప్పి."

"అదే కదా మరి."

అతనికి వెంటనే అర్థం కాలేదు. ఆమె చేయి తుడుచుకుని ఇటు తిరిగింది.

"మీరు ఆగిపోతే పొడిచేదాన్ని. ఆమాత్రానికే గుర్రుమని మళ్ళీ పీల్చుకునీవారు. మొదట్లో మెలకువొచ్చి పొడిచేదాన్ని. తర్వాత తర్వాత నాకు మెలకువే రాలేదు. చెయ్యే చూసుకునీది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. నేను గురక పెట్టనన్నారు. రెండోసారి చెప్తే నాకే లోపల ఏదో కోపం ఉందన్నారు."

అన్నాడు. అంతే కాదు, ఏటేటా క్లాసులో ఒక ఉదాహరణ చెప్తాడు. 'నాకు తెలిసిన ఒక గృహిణి ఉంది. పగలంతా ఎంతో శాంతంగా ఉంటుంది. రాత్రి నిద్రలో భర్తని మోచేత్తో పొడుస్తుంది. అణచిపెట్టుకున్న కోపం మాటల్లోకి రాకపోతే అవయవాల్లోకి దిగుతుంది.' విద్యార్థులు రాసుకుంటారు. పరీక్షల్లో రాస్తారు. మార్కులు వేస్తాడు.

ఎస్తేరురాణి కనిపెట్టిన దాన్ని ఇన్నాళ్ళూ అద్భుతం అనుకున్నాడు. అద్భుతమే. కానీ అలాంటిదే ఒకటి, తీగ లేకుండా, బిళ్ళ లేకుండా, చేస్తున్న మనిషికే తెలియకుండా, ఒకే మంచం మీద ఏళ్ళ తరబడి నడిచింది. మనిషి లోపల కనపడకుండా లేపేవాడొకడున్నాడంటే, పక్కమనిషి ఒంట్లో కూడా వాడు ఒక చేయి పెట్టుకున్నాడు. నిద్రలోనూ ఆ చేయి వింటుంది. ఇది ఏ పాఠంలో ఉంది? ఎవరు రాస్తారు దీన్ని?

ఇంత తెలిసి కూడా అతను మాస్కు పెట్టుకోలేదు.

సంచీ బీరువా మీదకి వెళ్ళింది. రేపటినుంచి అనుకున్నాడు. ఎందుకు రేపు అని తనని తాను అడిగాడు, అడగడం అతనికి వృత్తి. జవాబు అంత గొప్పగా లేదు. నిద్రలో నోరు తెరుచుకుని, మెడ వేలాడేసి, గుర్రుమనే ఆ మనిషిని అతను ఎరగడు. మాటలతో కట్టుకున్నవాడు కాడు ఆ మనిషి. పగలంతా తను పొందికగా నిలబెట్టినదాన్ని రాత్రి ఒక్కడే కూలుస్తాడు. మాస్కు పెట్టుకోవడమంటే వాణ్ణి ఇంట్లోవాడిగా ఒప్పుకోవడం. అద్దంలో ఒకసారి ముక్కుకి ఆనించి చూసుకున్నాడు. కళ్ళు మాత్రం తనవి. వెంటనే దించేశాడు.

కిన్నెర చూసింది. కుర్చీ ఎక్కి సంచీ లాగి, గొట్టం ముక్కుకి తగిలించుకుని హాలంతా తిరిగింది.

"ఏనుగు! నాన్నా, ఏనుగు!"

"అది బొమ్మ కాదమ్మా. ఇలా తే."

"నాకొకటి ఉండీదిగా. పీకేసేదాన్ని." ఆగి, గొట్టంలోంచే అడిగింది. "నీకు భయమా?"

"భయమేమిటి? లేదు."

"నాకు భయమేసింది. లోపల గాలి అరుస్తాది. నువ్వు ధైర్యంగా ఉండాలమ్మా అన్నావు." కాసేపు అతని ముఖం చూసింది. "నువ్వు ధైర్యంగా ఉన్నావా?"

జవాబు కోసం ఆగకుండా వెళ్ళి రంగుపెన్సిళ్ళు తెచ్చుకుంది. పిల్లల ప్రశ్నలు అంతే, అవి మనదగ్గర వదిలేసి వెళ్ళేవి.

*

ఆదివారం మధ్యాహ్నం. బయట వాన పడుతోంది. కుట్టుమిషన్ పక్కన, కత్తిరించిన గుడ్డముక్కల మధ్య, కుసుమ చాపమీద పక్కకి తిరిగి నిద్రపోయింది. పడుకోవాలని పడుకోలేదు, చాక్‌పీసు చేతిలో ఉండగానే ఒరిగిపోయింది. కిన్నెర గుమ్మం దగ్గర బోర్లా పడుకుని ఓడకి రంగు వేస్తోంది. పైడిరాజు కుర్చీలో కూర్చుని పేపర్లు దిద్దుతున్నాడు. అక్షరాలు కరిగి, కలిసి, మళ్ళీ విడిపోతున్నాయి. తల ముందుకి వాలడం, ఉలిక్కిపడి లేపడం. ఓడిపోకూడదని కుసుమవైపు చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు కదిలింది ఆమె మోచేయి.

కొంచెం వెనక్కి జరిగి, తన వెనకవైపు ఖాళీని ఒకసారి పొడిచింది. అక్కడ ఎవరూ లేరు. నేల ఉంది, ఎర్రగుడ్డ ముక్క ఉంది. చేయి ఆగింది. విన్నట్టుగా ఆగింది. అతను ఊపిరి బిగబట్టి చూశాడు. కాసేపటికి మళ్ళీ కదిలి, ఇంకొంచెం దూరంగా వెతికి, మళ్ళీ పొడిచింది. ఆమె ముఖంలో మాత్రం ఏమీ లేదు. కల లేదు, కోపం లేదు. అలసిపోయిన నిద్ర ఉంది. ఆ నిద్రలో సగం చేయికి పోతోంది.

ఉగాది నుంచీ ఇలాగేనా? పక్కన మనిషి లేకపోయినా, గోడ అవతల ఉన్నవాడి కోసం, ప్రతిరోజూ ఇలా తడుముతూనే ఉందా? తోడు కూర్చున్నందుకే ఆమె కలలు పోయాయనుకున్నారు ఎస్తేరురాణీ తనూ. కలలు ఎటు పోతున్నాయో రెండో దారి అతనికి ఇప్పుడు కనిపించింది. కూతురికి ఊపిరి ఇచ్చి, మిగిలిన నిద్రలో మొగుడి ఊపిరి వెతుకుతోంది ఈ మనిషి. దీనికి అర్థం చెప్పాలని కూడా అతనికి అనిపించలేదు. చూస్తూ ఉండాలనిపించింది. కానీ చూస్తూ కూర్చుంటే చేయి ఆగదు.

లేచాడు. బీరువా మీది సంచీ దించాడు.

"నాన్నా, ఏనుగా?"

"నెమ్మదిగా. అమ్మ లేస్తుంది."

కుసుమ వెనక చాపమీద, ఎర్రగుడ్డ ముక్క జరిపి, పడుకున్నాడు. కిన్నెర పాక్కుంటూ వచ్చి తీగ పట్టుకుని, "స్విచ్చి నేనేస్తా" అని గుసగుసలాడింది. గొట్టంలో గాలి మేలుకుంది. పిల్ల చెప్పినట్టే అది అరుస్తోంది.

కుసుమ మోచేయి మళ్ళీ వచ్చింది. ఈసారి దానికి పక్కటెముకలు తగిలాయి. అక్కడే ఆగి, కనిపెట్టుకుని ఉంది.

పైడిరాజు మాస్కు పట్టీని తల వెనక్కి లాగి, ముక్కుమీద సర్దుకుని, కూతురు చూస్తుండగా కళ్ళు మూసుకున్నాడు.